కరీం కాక తెప్పల పందెం

కరీం కాకకు ఒక్కటే పిచ్చి: మాట ఎక్కడ మొదలైనా తెప్పల పందెం దగ్గరికే చేరుస్తాడు. తలనొప్పి అన్నా పందెమే, పెళ్లికి పిలిచినా పందెమే. గనిలో పనిచేసి రిటైరైన ఈ మనిషి చావింటికి పరామర్శకు వెళ్లినా, ఏడుపులు కాస్త సద్దుమణగగానే "ఆ ఏడు గోదారి నిండుగ ఉండె..." అని అందుకుంటాడు.

ఒకసారి ఆ వాడకుర్రాడు కొమురెల్లి తన ఫోన్‌లో కాకకు చైనావాళ్ల డ్రాగన్ పడవల పందెం చూపించాడు.

"ముంగట గా పాము తలకాయ ఎందుకురా? మేం బొగ్గు తట్ట కట్టినం. దాన్ని జూసి గోదారే పక్కకు జరిగి తొవ్వ ఇచ్చింది!"

అందరూ నవ్వారు, కొమురెల్లి తప్ప. ఉద్యోగం లేని ఆ బతుకులో అతనికున్న గొప్ప ఆ పందెమొక్కటే. అతను కడుపులో ఉన్న ఏడు, తండ్రి ఆ పందెం గెలిచి, తల తడి ఆరకముందే డ్యూటీకి దిగి, గని పైకప్పు కూలి చనిపోయాడు. గెలిచాడని చెప్పింది కాకే.

మొన్న చాయ్ హోటల్లో కొమురెల్లి ఈడువాడే సదయ్య రొమ్ము విరుచుకుని, "ఆ పందెం గెలిచింది మా నాయిన. కాకనే చెప్పిండు" అన్నాడు. అతని తండ్రి కూడా ఆ పైకప్పు కిందే పోయాడు. ఇద్దరూ గల్లాలు పట్టుకున్నారు. విడిపించాక కొమురెల్లి నేరుగా కాక క్వార్టర్‌కు వెళ్లాడు.

"ఒక్క పందెం ఇద్దరెట్ల గెలుస్తరు కాకా?"

"తెప్ప పెద్దది బేటా."

"పరాచికాలు వద్దు. మా నాయిన గెలిచిండా, లేదా?"

పందెం మాటెత్తితే కాక స్వరం తగ్గించడం అదే మొదలు.

"ఎవ్వలూ గెల్వలే. నడి గోదాట్ల ఉండంగ గని సైరన్ మోగింది. తెప్పలు మర్లేసి ఉరికినం. మీ నాయినలు పొద్దటి షిఫ్టుల కిందనే ఉన్నరు." కాక కళ్లద్దాలు తీసి లుంగీ అంచుతో తుడిచాడు. "మీరేమో నాయిన ఎట్ల పోయిండని అడుగుతిరి. చీకట్ల, దుమ్ముల అని చెప్పాల్నా? ఎండల, నీళ్లల్ల, చప్పట్ల నడ్మ గెలిచిండని చెప్పిన."

కొమురెల్లి ఇల్లు చేరేసరికి కొట్లాట సంగతి తల్లి ఐలవ్వ చెవిన పడింది. బియ్యం చెరుగుతూనే అడిగింది:

"ఏమన్నడురా కాక?"

కొమురెల్లి ఆమె పక్కన కూర్చున్నాడు. "నాయిననే గెలిచిండట. తెడ్డు అందరికన్నా జోరుగ ఏసిండట."

ఐలవ్వ చాట పక్కన పెట్టి, ఎన్నేళ్లకో పకపకా నవ్వింది.

"మీ నాయిన వానగుంట దాటాలన్నా నా చెయ్యి పట్టుకునెటోడు బిడ్డా!"