చన్నీళ్ళ పిన్ని కాల్చిన కాలరు

మా పిన్నిని వీధిలో అందరూ చన్నీళ్ళ పిన్ని అంటారు. మనిషి చల్లన కాబట్టి ఆ పేరొచ్చిందని కొత్తవాళ్ళు అనుకుంటారు. గుడ్డలకని దాచుకున్న ఆమె కత్తెరతో ఎవరైనా ఒక్కసారి కాగితం కత్తిరించి చూస్తే తెలుస్తుంది, ఎంత చల్లనో.

అసలు సంగతి ఆమె పనిలో ఉంది. పిన్ని చంటిపిల్లల గౌన్లకు చేత్తో పువ్వులు కుడుతుంది. మొదటి పుట్టినరోజుకో, ఇంట్లో పెళ్ళికో ఒక్కపూట వేసి, ఆ తర్వాత మెత్తటి గుడ్డలో చుట్టి మరో తరానికి దాచుకునే గౌన్లవి. కుట్టే ముందు గుడ్డమీద కుట్టుపనికని అమ్మే నీలం పెన్నుతో తీగ గీసుకుంటుంది. చన్నీళ్ళలో నానబెడితే ఆ గీత మాయమైపోతుంది. నానబెట్టకుండా ఇస్త్రీ పెట్టామా, గోధుమరంగుకు తిరిగి గుడ్డను పట్టుకుంటుంది. ఇక జన్మలో వదలదు. అందుకే పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళకు సూది పట్టుకోవడం చెప్పకముందే, "చన్నీళ్ళు! ముందు చన్నీళ్ళు, ఆ తర్వాతే ఇస్త్రీ!" అని అరుస్తుంది. నేనూ ఆ చీవాట్లు తినే నేర్చుకున్నాను.

ముందుగదే ఆమె దుకాణం. కిటికీ కింద బల్ల, దాని పక్కన ఒకే ఒక్క కుర్చీ. బల్ల దగ్గరికి టీ రాకూడదు. మా బాబాయి పాపం పెళ్ళైన దగ్గర్నుంచీ గుమ్మంలో నిలబడే టీ తాగుతున్నాడు. వచ్చినవాళ్ళు పువ్వులు చూసి ఎంత మెచ్చుకున్నా పిన్నికి లెక్కలేదు. గుడ్డ వెనక్కి తిప్పి కుట్టు చూసినవాళ్ళకే ఆ కుర్చీ వేస్తుంది. మిగతావాళ్ళు నిలబడి మాట్లాడి వెళ్ళాల్సిందే.

అలా నిలబడి మాట్లాడి వెళ్ళినవాళ్ళలో ఒక బస్సు డ్రైవరమ్మ ఉంది. పాలమీగడ రంగుకు తిరిగిన పాత గౌనొకటి తెచ్చింది.

"ఇది నా మొదటి పుట్టినరోజుకి మా అమ్మ కుట్టిందండీ. ఇప్పుడు అమ్మ లేదు. ఆదివారం మా పాప పుట్టినరోజు, ఇదే వేసి ఫోటో తీయించాలి. గుండెల మీద చిన్న పూలతీగ వేస్తారా?"

పిన్ని గౌనుకు గుండెల మీద తీగ గీసింది. ఊరుకోక కాలరు మీద కూడా గీసింది. డ్రైవరమ్మ చూసి, "కాలరు వద్దులెండి. అమ్మ ఉంచినట్టే ఉండనీయండి," అంది.

శనివారం మధ్యాహ్నానికి పువ్వులు పూర్తయ్యాయి. నానబెడదామంటే కొళాయిలో చుక్క నీళ్ళు లేవు. పిన్నికి తొందర. కూజాలో నీళ్ళతో గుడ్డ తడిపి ముందు కాలరు మీద అద్దింది. గీత కనపడకుండా పోయింది. పోయిందనే అనుకుని ఇస్త్రీపెట్టె అందుకుంది.

"ఒసేయ్, ఇలా రా," అంది. అరవలేదు. అందుకే నాకు భయమేసింది.

కాలరు మీద గోధుమరంగు తీగ, ఆకులతో సహా, ఎంతో అందంగా తేలింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అప్పుడొచ్చిన కొళాయి నీళ్ళలో ముంచాం. సబ్బు రుద్దాం, నిమ్మకాయ పిండాం. ఆ తీగ చెక్కుచెదరలేదు. బాబాయి గుమ్మంలోంచి, "లోకానికంతా చన్నీళ్ళు చెప్పి..." అని మొదలుపెట్టి, పిన్ని ముఖం చూసి చెప్పులేసుకుని గుడ్డ వెతకడానికి వెళ్ళిపోయాడు. ఊళ్ళో కొట్లన్నీ తిరిగి ముక్కలు తెచ్చాడు. ఒకటి సున్నం, ఒకటి వెన్న, ఒకటైతే ఏకంగా పసుపు. ఆ మీగడ రంగు ఏ కొట్లోనూ లేదు.

"చచ్చిపోయిన మనిషి చేతిపనే అది! ఇంకోటి కుట్టిస్తానంటే ఆవిణ్ణి ఎక్కణ్ణించి తేను?" అని పిన్ని బల్లమీద తల పెట్టుకుని ఏడ్చింది. పిన్ని ఏడుస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు.

కాసేపటికి ముక్కు తుడుచుకుని, కాలరు ఎలా అతికించారో చూద్దామని గౌనును లోపలికి తిప్పింది. కింద అంచు మడత ఆమె వేళ్ళకు తగిలింది. మళ్ళీ తడిమింది.

"ఇదేంటే, ఇంత లావుంది?"

నాలుగు కుట్లు విప్పి చూసింది. డ్రైవరమ్మ తల్లి మిగిలిన గుడ్డను కత్తిరించి పారేయలేదు. మడత మీద మడత వేసి అంచులో దాచేసింది. అదే గుడ్డ! లోపల ఉన్నందుకు ఒక్క పిసరు తెలుపు, అదీ పనిగట్టుకుని చూస్తే తప్ప తెలియదు. పిన్ని ఆ గుడ్డను చెంపకు ఆనించుకుని, "నా నెత్తిన పాలు పోశావు తల్లీ," అంది. మా ఇద్దరికీ పోయిన ప్రాణాలు లేచొచ్చాయి. బాబాయి ధైర్యం చేసి గదిలోకి టీ తెచ్చాడు. ఎవరూ ఏమీ అనలేదు.

పిన్ని కాలరు పైపొరను మాత్రమే విప్పింది. కింది పొరను కదిలించలేదు. అందులో ఆ తల్లి సూది చేసిన రంధ్రాలు వరసగా ఉన్నాయి. కొత్త పొరను దానిమీద పెట్టి, కింది నుంచి ఆ రంధ్రాల్లోనే సూది పోనిస్తూ కుట్టింది. చీకటి పడకముందే కాలరు నిలిచింది. ఈసారి గౌను మొత్తం చన్నీళ్ళలో మునిగింది.

మర్నాడు ఉదయం డ్రైవరమ్మ పాపను ఎత్తుకుని వచ్చింది. గౌను చూసి ముఖం విప్పారింది. చెప్పకపోతే కనిపెట్టేది కాదు. పిన్ని మాత్రం ఉండబట్టలేక, "కాలరు నేను పాడుచేశానమ్మా," అని నీళ్ళు, ఇస్త్రీ, అంచు మడత అన్నీ ఒక్క ఊపున చెప్పేసింది.

డ్రైవరమ్మ పాపను నాకందించి, గౌను వెనక్కి తిప్పి, అంచును వేళ్ళతో నెమ్మదిగా తడిమింది.

"మా అమ్మ అంతేనండీ. ఏదీ పారేసేది కాదు. అరిగిపోయిన సబ్బుని కొత్త సబ్బుకి అతికించేది. పిసినారీ అని ఎంత ఏడిపించేదాన్నో!" అంటూనే నవ్వింది, కళ్ళు తుడుచుకుంది. "నా కోసం దాచిందన్నమాట. ఇంకేమైనా మిగిలిందాండీ?"

పిన్ని కుర్చీ లాగి వేసింది.

"కూర్చో. మిగిలింది మళ్ళీ అంచులోనే మడిచి కుట్టేశాను. నీ మనవరాలి దాకా వస్తుంది, మధ్యలో నాలాంటిది ఇంకొకతి తగలకపోతే."