నెరేయిదా అడగనివ్వని దీవెన

షికాగోలో డివిజన్ వీధి బస్సు ఎక్కాను. ఎక్కడికో నాకే తెలియదు. డెబ్బై దాటాక బస్సులే నా ఊళ్ళు. బడిలో వంట చేసే నెరేయిదా ముందు సీట్లో కనిపించింది. ఒళ్ళో కందుల అన్నం గిన్నె. పక్కన పదిహేడేళ్ళ యాదియెల్, కంటి కింద మానిన దెబ్బ తాలూకు మచ్చ.

"ఇంకా పోలేదా ముసలాయనా?" అంది.

"నీ చేతి అన్నం తినకుండానా?"

"ఇది నీకు కాదు. వీడి అమ్మమ్మకి."

మగపిల్లలంటే ఇష్టమని తెలిసి యాదియెల్‌ను మారుతండ్రి కొట్టి వీధిలోకి గెంటాడు. మూడు వారాలు రైళ్ళలో పడుకున్నాడు. రెండు నెలలుగా నెరేయిదా ఇంట్లో ఉంటున్నాడు. ఇవాళ అమ్మమ్మ రమ్మంది. ఉంచుకుంటానని మాత్రం అనలేదు.

"ఉంచేసుకుంటే?" అన్నాను.

"రేపట్నుంచి మళ్ళీ ఒక్క గ్లాసు బియ్యమే," అని కిటికీలోంచి చూసింది.

వీళ్ళది ప్యూర్టోరికో. అక్కడివాళ్ళు గడప దాటినప్పుడల్లా పెద్దవాళ్ళను దీవెన అడుగుతారు. "దేవుడు చల్లగా చూడాలి" అని బదులు వస్తేనే ఆ ఇంటి మనిషి. ఎన్నో మతాల పుస్తకాలు తిరగేశాను. ఇంత చిన్న మాట మీద ఇంత బరువు మోపినవి తక్కువ. నెరేయిదా పదహారో ఏట ఒక అమ్మాయిని ప్రేమించింది. ఆ సంగతి ఇంట్లో తెలిసిన రోజు దీవెన అడిగితే తల్లి తలెత్తకుండా పళ్ళేలు కడుగుతూ ఉండిపోయింది. పోయేదాకా ఆ మాట అననేలేదు.

గెంటేసిన పిల్లలకు ఆ మాట నెరేయిదాయే అంటుంది. ఒకసారి అదే కొంప ముంచింది. ఒక పిల్లను తల్లికి అప్పగించి వస్తుంటే, ఆ పిల్ల అలవాటుకొద్దీ తల్లి ముందే నెరేయిదాతో "దీవించు పిన్నీ" అంది. "ఇంకో అమ్మ దొరికిందిగా, అక్కడికే పో," అని తల్లి తలుపేసింది.

వాళ్ళతో పాటే నేనూ దిగాను. అమ్మమ్మ ఇంటి మెట్ల మీద యాదియెల్ ఆగిపోయాడు.

"పిన్నీ, పలక్కపోతే?"

"అన్నం వెనక్కి తెచ్చుకుని మనమే తిందాం. గుండీ పెట్టుకో నాన్నా," అని, పెట్టుకున్నాక గిన్నె వాడి చేతికిచ్చింది.

తలుపు తెరుచుకుంది.

"దీవించు అమ్మమ్మా."

ముసలామె వాడి కంటి కింది మచ్చనే చూస్తూ నిలబడింది. లోపల పొయ్యి మీద ఏదో మాడుతోంది.

"దేవుడు నిన్ను చల్లగా చూడాలి," అంది చివరికి. "ఎంత చిక్కిపోయావురా! మంచం వేసే ఉంచాను. రా."

గిన్నె ఆమె చేతిలో పెట్టి, వాడు దీవెన కోసం నోరు తెరుస్తూ వెనక్కి తిరిగాడు. మెట్ల మీద నేనొక్కణ్ణే ఉన్నాను. కోటు జేబుల్లో చేతులు పెట్టుకుని నెరేయిదా అప్పటికే బస్టాపు కూడా దాటి నడిచిపోతోంది.