లారీ తాత మూయని పేజీలు

ఎత్తు రోడ్డు మీద సగం దూరంలో బస్సు చతికిలబడింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి బుసబుసా పైకి లేస్తుంటే లోపలున్నవాళ్ళంతా డ్రైవర్ని తిట్టడం మొదలుపెట్టారు, ఒక్క లారీ తాత తప్ప. జీవితమంతా లారీ తోలినవాడు ఉడికిన ఇంజన్ని తిట్టడు. ఆయన కోపమంతా ఒళ్ళో ఉన్న ల్యాప్‌టాప్ మీద. అల్లుడు వాడి వాడి అరగదీసి ఇచ్చిన పెట్టె అది. తెర మధ్యలో చిన్న చక్రం తిరుగుతోంది. తిరుగుతూనే ఉంది.

అవతల పట్నంలో ఆయన మనవరాలు చదరంగం పోటీలో ఆఖరి ఆటకి కూర్చుంది. దగ్గరుండి చూద్దామని బయల్దేరితే దారిలో ఇదీ సంబరం. ఆ ఆట ఎప్పటికప్పుడు నెట్‌లో కనిపిస్తుంది. ఆ పేజీ తెరుచుకుంటే చాలు. తెరుచుకోకపోతే, పిల్ల పుట్టి బుద్ధెరిగాక ఆడే అతి పెద్ద ఆట తాత చూడకుండానే ముగిసిపోతుంది.

"పాత సామాన్లవాడికి పడెయ్ తాతా," అన్నాడు కండక్టర్.

"ముందు నీ బస్సు పడెయ్యరా. తూకానికి అదే ఎక్కువ వస్తుంది!"

ముందు సీట్లోంచి పకాలున నవ్వు. మెడలో కళ్ళజోడు వేలాడదీసుకున్న నడివయసు ఆవిడ వెనక్కి తిరిగి, తెర మీదికి వంగింది.

"బాబాయ్, పైన చీమలబారులాగా ఆ ట్యాబులేంటి?"

"మా పిల్ల ఆడిన ఆటలమ్మా. ఆటకో పేజీ."

"అన్నీ తెరిచే ఉంచావా?"

"మూస్తే మళ్ళీ దొరకవు. మొదటిసారి గెలిచిన ఆట అట్లాగే పోయింది. ఎత్తు మీద ఇంజన్ ఆపకూడదు, తల్లీ."

మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. ఆవిడ వాదించలేదు. సంచీలోంచి పెన్‌డ్రైవ్ తీసి, తన ఫోన్లోని నెట్‌ని ల్యాప్‌టాప్‌కి కలిపి, తాత పక్కన చేరింది.

ఆవిడ తిరిగే వీధుల్లో ఆవిడని సంబంధాలక్క అంటారు. పెళ్ళిళ్ళు కుదర్చదు, మనిషికీ, నెట్ పేజీలు తెరిచే బ్రౌజర్‌కీ జత కుదురుస్తుంది. ఒకప్పుడు పెద్ద ఆఫీసులో ఫోన్ దగ్గర కూర్చుని, కంప్యూటర్ మొరాయించిందన్న ప్రతివాళ్ళకీ "అన్నీ మూసేసి మళ్ళీ తెరవండి" అనే ఒకే మంత్రం చెప్పేది. తలనొప్పికీ కాలు బెణుకుకీ ఒకే మాత్రేమిటని విసుగు పుట్టి, ఒకరోజు కుర్చీ వెనక్కి నెట్టి లేచొచ్చేసింది. అప్పటినుంచీ క్లినిక్కులూ బడులూ కొట్లూ ఆవిడ దారి. వెళ్ళీ వెళ్ళగానే కంప్యూటర్ ముట్టుకోదు. టీ అడిగి, తాగుతున్నంతసేపూ మనుషుల్ని చూస్తుంది. క్లినిక్కులో చీటీలు రాసే అమ్మాయి కళ్ళు చికిలించి చూస్తోందా, అక్షరాలు పెద్దవి చేసి, చుట్టూ చెత్త తీసేసి చూపించే బ్రౌజర్. ఒకే కంప్యూటర్ మీద ముగ్గురన్నదమ్ములు తగువులాడుకునే కొట్లో, ఎవరి గది వాళ్ళకి విడిగా ఉండే బ్రౌజర్. బడిలోని ముసలి కంప్యూటర్లకి, ప్రకటనల బరువు మొయ్యని తేలికపాటిది. అయితే తేలికదైనా సరే, దానికి కొత్త మరమ్మతులు ఇంకా అందుతున్నాయో లేదో చూడందే పెట్టదు. దిక్కులేని బ్రౌజర్‌కి దొంగల భయం ఎక్కువ కదా. "మనుషుల అలవాటు జబ్బు కాదండీ, కొలత. దాన్నిబట్టే కుట్టాలి," అంటుంది. వాళ్ళాయన మాత్రం, "ఊళ్ళోవాళ్ళందరికీ కుదురుస్తావు, మన ఇంట్లోది అట్లాగే ఏడుస్తోంది," అంటాడు.

తాత ల్యాప్‌టాప్‌లోకి ముందు అన్నిటికన్నా తేలికైన బ్రౌజర్‌ని ఎక్కించింది. పేజీ చిటికెలో తెరుచుకుంది. తాత చంటిపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. కానీ చదరంగం బల్ల ఉండాల్సిన చోట ఖాళీ తెలుపు!

"పావులేవీ?"

"తప్పు నాదే బాబాయ్. బరువు దించమంటే ఇది సరుకు కూడా దించేసింది."

బస్సులో సగంమంది సీట్ల మీదికెక్కి చూస్తున్నారు. కండక్టర్ టికెట్ల మిషన్ చంకలో పెట్టుకుని మెడ సాచాడు. సంబంధాలక్క ఇంకొకదాన్ని ఎక్కించి, తాత పేజీలన్నిటినీ మూటగట్టినట్టు అందులోకి చేర్చింది.

"ఒక్కటీ మూయలేదు. చూస్తున్నది తప్ప మిగతావన్నీ నిద్రపోతాయి. తడితే లేస్తాయి."

"నిజంగా లేస్తాయా?"

ఒకదాన్ని తట్టింది. కళ్ళు నులుముకున్నట్టు ఒక క్షణం తటపటాయించి, పాత ఆట బల్లతో సహా లేచి కూర్చుంది.

"న్యూట్రల్!" అని అరిచాడు తాత. "ఇంజన్ ఆగలేదు, న్యూట్రల్లో ఉంది! ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదమ్మా!"

ఇప్పుడు పోటీ పేజీ. చక్రం ఒక్క చుట్టు తిరిగి మాయమైంది. నలుపూ తెలుపూ గళ్ళు, పావులు, అన్నీ! సరిగ్గా అప్పుడే మనవరాలి తెల్ల ఏనుగు ఎగిరిపోయింది.

"అయ్యో, పోయింది," అన్నాడు కండక్టర్.

"నోర్ముయ్. పోలేదు. ఎర వేసింది." తాత తెర మీదికి వేలు చాపాడు. "ఇప్పుడు గుర్రం చూడు. దానికి చిన్నప్పట్నుంచీ గుర్రమంటే ప్రాణం."

అవతలివాడు మింగింది నిజంగా ఎరే. బస్సులో చదరంగం తెలిసినవాళ్ళు ఇద్దరు ముగ్గురుంటారేమో. ఊపిరి మాత్రం అందరూ బిగబట్టారు. బానెట్ మూసి వచ్చిన డ్రైవర్ కూడా మెట్టు మీదే ఆగిపోయాడు. గుర్రం గెంతింది. ఒక్క గెంతులో అటు రాజు మీదికీ ఇటు మంత్రి మీదికీ!

"రాజుని తప్పిస్తే మంత్రి పోతాడు!" తాత సీటు మీద నిలబడిపోయాడు. "ఏదీ, ఎటెళతావురా?"

వాడు ఎటూ వెళ్ళలేదు. బల్ల కింద ఒక వాక్యం పడింది: నల్లపావుల ఆటగాడు ఓటమి ఒప్పుకున్నాడు.

బస్సు ఊగిపోయింది. ముక్కూ ముఖం తెలియనివాళ్ళు కావిలించుకున్నారు. కండక్టర్ తాతని ఎత్తబోయి కుదరక ల్యాప్‌టాప్‌ని ఎత్తి అందరికీ చూపించాడు. తాత కళ్ళు తుడుచుకుని, పాత పేజీల బారు చివర ఈ ఆటని కూడా నిలబెట్టాడు. ఎప్పటిలాగే, మూయకుండా.

"చూశావా తల్లీ, మా పిల్ల..." అంటూ పక్కకి తిరిగాడు. సీటు ఖాళీ. తెర మూలన, ఆవిడ ఫోన్లోంచి వచ్చే నెట్ గీతలు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి.

కిటికీలోంచి తల బయటపెట్టాడు. సంచీ భుజాన వేసుకుని ఆవిడ పక్కదారి వెంట చకచకా నడిచిపోతోంది. అటువైపు బడి గంట మోగుతోంది. తాత గట్టిగా కేకేశాడు. ఆవిడ నడక ఆగలేదు. తెర మీద ఆఖరి గీత కూడా ఆరిపోయింది.