ఉకులేలేని సరిచేసిన రోజు

ఆ రోజుల్లో నాకు రాని విద్య లేదు, ఏదీ నేర్చుకోవడం మొదలుపెట్టలేదు కాబట్టి. ఇరవై రెండేళ్ల వయసులో ఏ వస్తువు చూసినా అందులో ఏదో లోపం కనిపించేది, దాన్ని సరిచేసే బాధ్యత నామీదే ఉందనిపించేది. ఒక ఆదివారం ఉదయం అలా ఇంకొకరి ఉకులేలేని సరిచేశాను. అది తప్పు. మధ్యాహ్నానికి అంతకంటే పెద్ద తప్పు ఇంకొకటి చేశాను.

మదురైలో మాది బట్టల కొట్టు. కొట్లో కూర్చోనని నాన్నతో పంతం పట్టి వచ్చి, కోయంబత్తూరులో ఒక నూలు మిల్లు టైమాఫీసులో గుమాస్తాగా చేరాను. మిల్లు లైను ఇళ్లలో ఒక గది ఇచ్చారు. పగలంతా వందల మంది పేర్లు కార్డుల మీద రాసేవాణ్ణి, సాయంత్రమైతే నా పేరు పెట్టి పిలిచే మనిషి ఉండేవాడు కాదు. (వంట చేసుకుంటూ గిన్నెలతో తెలుగు మాట్లాడేవాణ్ణి. అవి బాగా వినేవి.) అలాంటప్పుడు తెలుగులో పలకరించినవాడు పక్క గదిలోని ఫిట్టర్ మామ. కిరస్తానీ మనిషి, భార్య పోయాక ఒక్కడే ఉండేవాడు. యంత్రాలు బిగించడానికి వచ్చిన దొర ఎవరో వెళ్తూ వెళ్తూ ఇచ్చిన ఉకులేలే ఆయన దగ్గర ఉండేది. గిటారుకు పుట్టిన పిల్లలా, నాలుగు తీగలతో, చంకలో ఇమిడిపోయేది. ఆదివారాలు చర్చిలో పిల్లల పాటలకు దాన్ని వాయించేవాడు.

"ఏం తంబీ, సుమ్మా గోడను చూస్తా కూసోని ఉండావు? ఇట్రా, దీన్ని పట్టుకో. నాలుగు తీగలు, నాలుగు వేళ్లు. ఇంతకంటే సులువు ఇంకేమి ఉండాది?" అన్నాడు.

నిజంగానే సులువు. అన్నిటికంటే కింది తీగ మీద ఒక్క వేలు పెట్టి నాలుగూ కలిపి మీటితే స్వరాలన్నీ ఒక్కటిగా పలికాయి, మామ దాన్ని మొదటి పట్టు అనేవాడు. నేను విద్వాంసుణ్ణయిపోయాననుకున్నాను. రెండో పట్టుకు రెండు వేళ్లు కావాలి, అది నెలరోజులైనా పలకలేదు. లోపం నా వేళ్లలో ఉంటుందని నాకు తోచలేదు. వాద్యాన్ని తిప్పి తిప్పి చూసి, అన్నిటికంటే పైనున్న తీగ సన్నగా, దాని కిందది లావుగా ఉందని కనిపెట్టాను. మదురైలో పక్కింటి వీణ మీద తీగల వరస ఇలా ఉండదు. ఎవరో తారుమారుగా కట్టారు, మామకు చూపు ఆనక గమనించలేదు, పాపం! ఆ ఆదివారం ఆయన స్నానానికి వెళ్లినప్పుడు పై రెండు తీగలూ విప్పి అటుదిటు మార్చి, దేని శ్రుతికి దాన్ని బిగించేశాను. రెండూ తెల్లవే, చూపు ఆననివాడికి తేడా తెలియదు. మెప్పు పొందడానికి చర్చిదాకా వెంట కూడా వెళ్లి గుమ్మం దగ్గర నిలబడ్డాను.

మొదటి పట్టుకు పై తీగల మీద వేలు పెట్టక్కర్లేదు కాబట్టి అది బాగానే పలికింది. రెండోది పలకగానే పాడుతున్న పిల్లలు ఆగిపోయారు. మామ మళ్లీ మీటాడు, మళ్లీ అదే అపస్వరం. పిల్లలు కిసుక్కుమన్నారు. ఆయన వాద్యాన్ని ఒళ్లో పెట్టుకుని తల వంచుకున్నాడు. ఉకులేలే పై తీగ సన్నగా ఉండడమే పద్ధతి అని నాకు అప్పుడు అర్థమైంది.

తిరిగి వస్తుంటే దారిలో ఆగి అడిగాడు. "తంబీ, నిజం చెప్పు. తప్పు ఈ తీగల పెట్టెలో ఉండాదా, నా చెవిలో ఉండాదా?"

ఆ ఊళ్లో నాతో మాట్లాడే మనిషి ఆయనొక్కడే. ఆయన కూడా మాట్లాడడం మానేస్తే? "పెట్టె బాగానే ఉంది మామా" అన్నాను.

ఫిట్టరుకు చెవి అంటే ఏమిటో అప్పటికే నాకు తెలుసు. స్క్రూడ్రైవరు మొన యంత్రానికి ఆనించి, పిడి చెవిలో పెట్టుకుని, ఏ బేరింగు చెడబోతోందో మామ ముందే చెప్పేవాడు. ఆ ఆదివారం తర్వాత తను విన్నదాన్ని తనే నమ్మక, పక్కవాణ్ణి పిలిచి వినమనేవాడట. ఉకులేలే తెచ్చి నాకిచ్చేశాడు. "నీకు చెవి ఉండాది, నువ్వే పెట్టుకో." దాన్ని నా ట్రంకులో పెట్టి మూత వేశాను. మూడు వారాలు మా వరండాలో చప్పుడు లేదు.

నాలుగో వారం తెల్లకాగితం పట్టుకుని వచ్చాడు. "ఇంగ్లీషులో రాయి తంబీ. చెవి పోయిండాది, పని విడుస్తానని. బేరింగు అరిచేది నాకు వినపడకుంటే ఎవడి చెయ్యో పోతాది. ఆ పాపం నాకు వద్దు పా."

'సర్' అన్న మాట వరకు రాశాను. కలం కింద పెట్టేశాను. "మామా, తీగలు నేనే మార్చాను. పై రెండూ. తప్పుగా కట్టారనుకుని."

ఆయన నోరు తెరిచి చూశాడు. తర్వాత ఒకటే నవ్వు. "ఓరి నీ తల! అది అట్లనే ఉండాలరా! అట్లయితే నా చెవి బాగుండాదా?" కాగితం లాక్కుని విసనకర్రలా ఊపుకున్నాడు. ఊపుతూ ఊపుతూ ఆగిపోయాడు.

"నేను అడిగినప్పుడు నీకు తెలుసునా?"

"తెలుసు మామా."

కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది.

ఆ రాత్రే తీగలు ఎక్కడివక్కడ కట్టి ఉకులేలే ఆయన గుమ్మం దగ్గర పెట్టాను. ఆదివారం చర్చికి వెళ్లి పిల్లల ముందు నిలబడి, ఆ రోజు తప్పు మామది కాదు, నాదని చెప్పాను. "ఎందుకు మార్చినారు అన్నా?" అని ఒక చిన్నపిల్ల అడిగింది. "నాకు తెలుసనుకున్నానమ్మా" అన్నాను. చర్చంతా నవ్వింది, మామ తప్ప. కానీ వాద్యం అందుకుని వాయించాడు. రెండో పట్టు శుభ్రంగా పలికింది.

మిల్లు వదిలి నాన్న కొట్టుకు తిరిగి వెళ్లేదాకా ప్రతి ఆదివారం ఆ వాద్యం మోసుకుని ఆయన వెంట నడిచాను. మాటలు మెల్లగా మళ్లీ మొదలయ్యాయి, భోజనానికి కూడా పిలిచేవాడు. కానీ శ్రుతి సరిగ్గా ఉందా అని మాత్రం నన్ను మరెప్పుడూ అడగలేదు. దారిన పోయే పిల్లల్ని ఆపి అడిగేవాడు. ఇప్పుడు తలుచుకుంటే, ఆ పక్కన వాద్యం సంచీ పట్టుకుని బుద్ధిగా నిలబడిన ఆనాటి కుర్రవాణ్ణి చూసి నాకు నవ్వొస్తుంది. పిల్లలు బాగుందని చెప్పాక వాడు కూడా బాగుందనేవాడు, ఎవరికీ వినపడకుండా.