బూట్లు చేతబట్టి దీవికి

ఇంజనీరుకు జ్వరం వచ్చిందని మా ముదీర్, అంటే మేనేజరు, నన్ను పిలిచి టేపు, కెమెరా చేతిలో పెట్టాడు. లోపల ఎగిరి గంతేయాలనిపించినా, పైకి "సరే" అని మాత్రం అన్నాను.

దుబాయ్‌లోని డేరా పేటలో మాది చిన్న కంపెనీ. చెక్క నడకదారులు, నీడ పందిళ్ళు వేస్తాం. ఉమ్ అల్ కువైన్ పక్కన, మడ చెట్ల మధ్య ఒక దీవి ఉంది. అక్కడి ఇసుక కింద క్రైస్తవ సన్యాసుల పాతకాలపు మఠం బయటపడిందని పేపర్లో చదివి, ఆ ముక్క కత్తిరించి సొరుగులో దాచుకున్నాను. ఇప్పుడు చూడవచ్చేవాళ్ళ కోసం అక్కడ నడకదారి వేయడానికి కొలతలు కావాలట. రోజంతా కాగితాలు ఫైళ్ళలో పెట్టే మనిషికి అంతకంటే ఏం కావాలి? ఆ ఆదివారం తెల్లవారకముందే లేచి, బూట్లకు రెండుసార్లు పాలిష్ పట్టాను.

తోడుగా మా ఊరి మేస్త్రీ వచ్చాడు. నాకంటే ఐదారేళ్ళు పెద్ద, అల్ కుసైస్ లేబర్ క్యాంపులో ఉంటాడు. ఈ దేశంలో నన్ను "దొరా" అని పిలిచేది అతనొక్కడే. మా కోటలాంటి గడి, భూములు మా నాన్న కాలానికే పోయాయి. ఆఫీసులో నేను భాయ్‌ని, వీసా మీద క్లర్కుని. ఆ ఒక్క పిలుపు మాత్రం మిగిలింది. అది కూడా పోతే నా దగ్గర ఏముంటుందో నాకు తెలియదు.

పడవ నడిపే బంగ్లాదేశీ దీవికి ఇంకా యాభై అడుగులు ఉండగానే ఇంజను ఆపేశాడు. ఆటు సమయం. నీళ్ళు మోకాలి లోతు కూడా లేవు, అడుగంతా బురద.

"జూతే ఉతారో సాబ్, కీచడ్ హై," అని బూట్లు విప్పమన్నాడు.

మేస్త్రీ అప్పటికే ప్యాంటు మడిచి, నైఫ్ బజారులో కొన్న రబ్బరు చెప్పులు చేతబట్టుకుని దిగిపోయాడు. నేను మాత్రం కదల్లేదు.

మా తాత కాలంలో గడి ముందు నుంచి వెళ్ళేవాళ్ళు చెప్పులు విప్పి చేత పట్టుకోవాలి. అది మంచి పద్ధతి అని నేను అనను. కానీ మా ఇంట్లో పుట్టినవాడి చేతికి చెప్పులు రావడమంటే ఏమిటో మా నాన్న నాకు నేర్పాడు. ఆస్తంతా పోయాక, బస్సుల్లో తిరిగే రోజుల్లో ఒకసారి ఆయన చెప్పు తెగింది. రెండూ రోడ్డు మీదే వదిలేసి, మండుటెండలో వట్టికాళ్ళతో ఇల్లు చేరాడే తప్ప చేత పట్టుకోలేదు.

నేను బూట్లతోనే దిగాను. మూడో అడుగులో కుడికాలి బూటును బురద మింగేసింది. మోచేతి దాకా చెయ్యి పెట్టి లాగితే, దూడ కాలు ఊబిలోంచి వచ్చినంత చప్పుడుతో వచ్చింది. ఇక రెండోది కూడా విప్పక తప్పలేదు.

"ఇటియ్యుండ్రి దొరా, నేను పట్టుకుంట," అన్నాడు మేస్త్రీ.

"వద్దు."

నా బూట్లు ఇంకొకరు మోసే రోజులు పోయాయి. పోవాలి కూడా. ఇసుక తగలగానే తొడుక్కుంటే సరిపోతుంది అనుకున్నాను. అతను వెనక్కి తిరిగి చూడకూడదని మాత్రం మనసులో కోరుకున్నాను.

ఇసుక తగిలింది. అదే సమయంలో గోడ కనిపించింది.

నడుము ఎత్తు కూడా లేదు. అయినా గోడే. తిన్నగా వెళ్ళి, మూల తిరిగి, మళ్ళీ తిన్నగా! నేను నిజంగానే పరుగెత్తాను. ఒక గది, దాని పక్కన ఇంకొకటి, నడుమ పెద్ద వాకిలి. పేపరు ముక్కలోని బొమ్మ నాకు కంఠతా వచ్చు. "ఇది గుడి! తూర్పు ముఖం చూడు! ఇదిగో, జ్ఞానస్నానం చేయించే తొట్టి!" అని అరుస్తున్నాను. ఎదురుగాలిలో నా గొంతు నాకే కొత్తగా ఉంది.

మేస్త్రీ మోకాళ్ళ మీద కూర్చుని రాళ్ళను బొటనవేలితో తడుముతున్నాడు.

"సముద్రం రాయి దొరా గిది. జూడుండ్రి, లోపట గుల్లలున్నయి. గోడ మీది గిలాబు జూడుండ్రి, సున్నం. ఎవడో చెయ్యి తిరిగినోడే. గీ మూల జర వంకర పోయింది గని."

"అన్ని వందల ఏళ్ళ కింద కట్టినోడికి వంకలు పెడ్తున్నవా?"

"వంకర వంకరే గదా దొరా! ఇప్పుడైతే ఫోర్‌మన్ మొత్తం కూలగొట్టించేటోడు."

రొట్టెలు కాల్చిన పొయ్యి చూపించాను. చుట్టూ ఉన్న చిన్న గదుల్లో సన్యాసులు ఉండేవారని, ఆడవాళ్ళు, పిల్లలు ఉండరని చెప్పాను. అతను నడుము మీద చేయి వేసుకుని అంతా ఒకసారి కలయజూశాడు.

"అంటే మన క్యాంపే అన్నట్టు! అందరు మొగోళ్ళే. నడుమ వాకిలి, చుట్టు అర్రలు, గాడ మెస్సు. ఏసీ ఒక్కటే తక్కువ. మరి వీళ్ళకు వీసా ఇచ్చి పాస్‌పోర్టు గుంజుకున్న కఫీల్ ఎవరు?"

"దేవుడు."

"గయితే ఖలాస్. పాస్‌పోర్టు ఎన్నటికి రాదు."

ఇద్దరం పడీ పడీ నవ్వాం. తరువాత టేపు పట్టి కొలతలు తీసుకున్నాం, అతను కొక్కెం చివర పట్టుకుంటే నేను ఇవతలి కొసన నిలబడి అంకెలు రాసుకున్నాను. మఠం అవతల గుట్టలుగా పడి ఉన్న ముత్యపు చిప్పల దగ్గరికి పోయి, లోపలి మెరుపు చూసి ఒకటి ఏరబోయాను. ఎండలో ఎంతసేపు తిరిగామో తెలియదు.

"దొరా," అన్నాడు మేస్త్రీ. "బూట్లు."

చూసుకున్నాను. రెండు బూట్ల లేసులూ నా ఎడమచేతి వేళ్ళకు వేలాడుతున్నాయి. బురద ఎండి తెల్లబడింది. దిగినప్పటి నుంచి గుడి, వంటిల్లు, సన్యాసుల గదులు అన్నీ వట్టికాళ్ళతో, బూట్లు చేతబట్టుకునే తిరిగాను. టేపు కూడా ఆ చేత్తోనే పట్టుకున్నాను.

"మా తాత మీ గడి ముంగట గిట్లనే నడిచిండట," అన్నాడు. అనకూడనిది అన్నానేమో అన్నట్టు గుల్లల వైపు చూశాడు.

నా చెవులు వేడెక్కాయి. బూట్లు కింద పడేసి తొడుక్కోవాలని వంగాను. వంగినవాడిని గోడను చూశాను, నా కాళ్ళను చూశాను.

"మా గడి కన్న వీళ్ళది పాతది గదా," అన్నాను. "పెద్దిండ్ల ముంగట గిట్లనే నడవాలె."

అతను నా ముఖంలోకి చూశాడు. తర్వాత ఇసుకలో కూలబడి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు.

"క్యాంపుల చెప్తవా?" అని అడిగాను.

"చెప్పకుంట ఎట్లుంట? ఏండ్లు చెప్పుకునే ముచ్చట!"

మేము తిరిగి వచ్చేసరికి పోటు మొదలైంది. నీళ్ళు నడుము దాకా వచ్చాయి, పడవ దగ్గరకొచ్చి ఊగుతోంది. "యల్లా, యల్లా!" అని తొందరపెడుతూ కేకలేస్తున్నాడు పడవవాడు. మేస్త్రీ ముందు ఎక్కాలి, రెండు చేతులూ పడవ అంచు పట్టుకోవాలి. ఒకసారి చుట్టూ చూసి, తన రబ్బరు చెప్పులు నా వైపు చాచాడు.

"జర ఇవి పట్టుండ్రి దొరా."

పట్టుకున్నాను.