టైలరు జేబులో తెల్ల బిళ్ళ

ఆస్పత్రిలో ఆ ఆడవాళ్ళ వార్డు ఇప్పుడు లేదు. పడగొట్టి అద్దాల మేడ కట్టారు. అక్కడే పనిచేసి రిటైరైన సిస్టర్ బస్సులో అటుగా వెళ్తే మాత్రం ఆమె కంటికి ఆ మేడ ఆనదు. పొడుగ్గా సాగిన పాత గదే కనిపిస్తుంది. ఆకుపచ్చ రంగు పూసిన ఇనుప మంచాలు. ఫినాయిల్ తడి ఆరని నేల. ఒక చక్రం సొట్టపోయిన మందుల ట్రాలీ. అది కిర్రుమంటే చాలు, పేషెంట్లు దుప్పట్లు సర్దుకునేవాళ్ళు.

"మిలటరీ వస్తోందే, నోళ్ళు తెరవండి!"

ఆ పేరు ఊరికే రాలేదు. బిళ్ళ చేతిలో పెట్టి వెళ్ళిపోయే మనిషి కాదామె. పేరు చెప్పించేది. ఎదుట మింగించేది. నాలుక ఎత్తి చూపించమనేది. దిండు కింద బిళ్ళ దొరికిందంటే ఆ మనిషికి తలంటేసేది. చూడటానికి వచ్చినవాళ్ళు గంట కొట్టాక కూడా నిలబడితే కంటిచూపుతోనే గుమ్మం దాటించేది. తనంటే అందరికీ హడలని లోలోపల గర్వంగానే ఉండేది.

టైలరు భార్య ఆ వార్డుకు ఆయాసంతో వచ్చింది. గుండె బలహీనం, కాళ్ళ నిండా నీరు. నీరు తీసే మందుతోపాటు గుండెకని రోజుకో చిన్న పసుపు బిళ్ళ రాశారు. వాపు తీసింది. ఊపిరి అందింది. మాట కూడా లేచింది.

"మా ఆయన కుట్టిన బట్ట లోకమంతటికీ అతికినట్టుంటుంది. నాకే చంకల్లో పట్టేస్తుంది," అని వార్డును నవ్వించేది.

ఒక ఉదయం ఆమె నవ్వించలేదు. ప్లేటు పక్కకు నెట్టేసింది.

"ఏం పిన్నీ, వంట నచ్చలేదా?" అని అడిగింది సిస్టర్.

"వికారంగా ఉందమ్మాయ్. ఆ కిటికీకి అద్దం మార్చారా ఏమిటి? వెలుగంతా పసుప్పచ్చగా కనిపిస్తోంది."

అద్దం ఎవరూ మార్చలేదు. సిస్టర్ చేతిలో ఉన్న మందు గిన్నె ట్రాలీ మీద పెట్టేసి ఆమె మణికట్టు పట్టుకుంది. గడియారం చూస్తూ నిమిషమంతా లెక్కపెట్టింది. ఒకసారి కొట్టుకుని, కొట్టుకోవాలా వద్దా అని ఆలోచించి మళ్ళీ కొట్టుకుంటున్నట్టుంది నాడి. స్టెతస్కోపు పెట్టి గుండె విన్నది. అదే నడక. ఆ చిన్న బిళ్ళ గుండె వేగాన్ని తగ్గిస్తుంది. ఒంట్లో ఎక్కువైతే ప్రాణం మీదికి తెస్తుంది. కేసు షీటులో రాసిన మోతాదు సరైనదే. ఇవ్వాల్సిన వేళ కూడా అయింది. అయినా ఇవ్వలేదు. డ్యూటీ డాక్టరుకు ఫోను చేసింది.

"సార్, గుండె బిళ్ళ ఆపాను. నాడి బాగా పడిపోయింది. వికారం ఉంది, చూపు పసుపు అంటోంది."

"మంచి పని చేశారు. ఇవ్వొద్దు. ఈసీజీ తీయించండి, రక్తం పంపండి. వస్తున్నా."

డాక్టరు వచ్చి ఈసీజీ గీతలు చూశాడు. మందు ఎక్కువైన జాడే. "మనమిచ్చేది తక్కువే. కిడ్నీలూ బాగానే ఉన్నాయి. మరి ఎక్కణ్ణుంచి వస్తోంది సిస్టర్?"

అదే తేలాలి. అది తేలకపోతే తాము ఆపినా ఆగదు. ఇంకొక్క బిళ్ళ పడితే ఆ గుండె తట్టుకోకపోవచ్చు.

చూడటానికి వచ్చేవాళ్ళను లోపలికి వదిలే గంట కొట్టారు. టైలరు వచ్చాడు. మెడలో కొలతల టేపు తీయడం మరిచిపోయినట్టున్నాడు. సిస్టర్‌ను చూడగానే ఆయన చెయ్యి చొక్కా జేబు మీదికి పోయింది.

ఆమె అది గమనించింది. "ఏం తెచ్చారు? తీయండి బయటికి!" అన్న కేక గొంతుదాకా వచ్చింది. కేకేస్తే ఏమీ లేదంటాడు. ఈవేళ తప్పించుకుని రేపు వేయిస్తాడు. ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. మిలటరీ కూర్చోవడం ఆ వార్డు అంతవరకూ చూడలేదు.

"రండి బాబాయ్, ఇలా కూర్చోండి. పిన్నికి బాలేదు. ఏదో మందు ఎక్కువై గుండె నెమ్మదించింది. ఎలా ఎక్కువైందో తెలియడం లేదు. మీరు సాయం చేయాలి."

ఆయన భార్య మొహం చూశాడు. "చెబితే తిడతారు."

"తిట్టను."

"నీవల్ల అవుతుందా అమ్మాయ్?" అన్నది మంచం మీది మనిషి, అంత నీరసంలోనూ.

టైలరు జేబులోంచి ఒక ముక్క తీశాడు. మందుల అట్టలోంచి కత్తెరతో నలుచదరంగా కత్తిరించిన ముక్క. లోపల తెల్ల బిళ్ళ.

"ఇంట్లో ఇది వేసుకునేది. ఇక్కడి గిన్నెలో తెల్లది కనపళ్ళేదు. మీరు మరిచిపోయారనుకున్నా. అడిగితే మీకు కోపమొచ్చి, దీన్ని సరిగ్గా చూసుకోరేమోనని... వచ్చినప్పుడల్లా ఒకటి వేయిస్తున్నా."

"ఈవేళ?"

"ఇంకా లేదు."

ఆమె ఆ ముక్క వెనక అచ్చయిన పేరు చదివి, ట్రాలీ నుంచి పసుపు బిళ్ళ తెచ్చి, ఆయన అరచేతిలో తెల్లదాని పక్కన పెట్టింది. "రెండూ ఒకటే మందు బాబాయ్. కంపెనీ వేరు, అందుకే రంగు వేరు."

టైలరు రెండు బిళ్ళలనూ మార్చి మార్చి చూశాడు. ముందే అడగొచ్చు కదా అన్న మాటను ఆమె మింగేసింది.

"ఇప్పుడు చెప్పారు. అది చాలు," అని, ఆ సంగతి డాక్టరుకు చెప్పడానికి లేచింది.

"ఊరందరికీ కొలత చూసి కత్తిరిస్తాడు," అన్నది భార్య. "నాకు మాత్రం రెట్టింపు గుడ్డ వేశాడు." ఆయన చెయ్యి మాత్రం ఆమె వదల్లేదు.

మంచాన్ని సిస్టర్ బల్ల పక్కకు జరిపారు. బిళ్ళ ఆపి, గుండెను కనిపెట్టుకుని ఉన్నారు. నాడి మెల్లమెల్లగా దాని నడక అందుకుంది. కిటికీలో వెలుగు మళ్ళీ తెల్లబడింది. ఎలా ఉందని డాక్టరు అడిగితే, "వంట నిజంగానే బాలేదు," అన్నది.

ఆ తరువాత గంట కొట్టగానే సిస్టర్ గుమ్మం పక్కన స్టూలు వేసుకుని కూర్చునేది. వచ్చినవాళ్ళందరినీ మెల్లగా అడిగేది, "ఇంటి నుంచి ఏం తెచ్చారు?" మొదట్లో వాళ్ళకు అది వేరేగా అర్థమైంది. మొహమాటపడుతూ టిఫిన్ డబ్బాలు తెరిచి ముందు పెట్టేవాళ్ళు. ఆమె కాదనేది కాదు. రుచి చూసి, బాగుందని చెప్పి, అప్పుడు అడిగేది, "మందులేమైనా ఉన్నాయా?" కళ్ళజోడు డబ్బాల్లోంచి, చేతిరుమాలు ముడుల్లోంచి, ఒకసారి మేజోడులోంచి కూడా బిళ్ళలు బయటికి వచ్చేవి.

మిలటరీ అన్న పేరు పోయింది. తిండిపోతు సిస్టర్ అన్నారు. ఇప్పటికీ బస్సులో అటు వెళ్తూ ఆ పేరు తలచుకుని తనలో తాను నవ్వుకుంటుంది. పక్కసీటువాళ్ళు తిరిగి చూస్తారు.