చెట్టు గీసే టీచరమ్మ

రంగుపెట్టె చేతికొస్తే చాలు, లోకాన్నే మార్చేస్తామనిపించే వయసు ఒకటుంటుంది. ఆ రోజుల్లో నాకు నడుస్తూ కూడా కలలే. డ్రాయింగ్ టీచరు ట్రైనింగ్‌లో భాగంగా బోనకల్ చర్చిలో ఆదివారం పిల్లలకు, నేలకొండపల్లిలో కుట్టుపని నేర్చుకునే అక్కలకు పాఠాలు చెప్పి, చివరి పాఠానికి దుమ్ముగూడెం దాటి అడవి అంచు గూడేనికి చేరాను. ఆ పాఠం చూసి మార్కులేయడానికి మా రబ్బరు సారు వస్తారు (ఎవరి బొమ్మనైనా సగం చెరిపితేగాని ఆయనకు అన్నం సహించదు). ఆయన సరే అంటేనే సర్టిఫికెట్టు, లేదంటే మరో ఏడాది.

ముందురోజు సాయంత్రం తాటిచెట్ల మీద వాలే ఎండను చూస్తూ మైమరచి, నాకు అన్నం పెట్టే ముసలవ్వతో అన్నాను: "అవ్వా, రేపు తాటిచెట్టు గీసుడు నేర్పిస్త. అందర్ని రమ్మను."

అవ్వ నన్ను ఎగాదిగా చూసింది. "నువ్వా బిడ్డా?"

"అవ్, నేనే. శాన అల్కగుంటది, కష్టమే ఉండదు."

"అల్కగుంటదంట," అని గొణుక్కుంటూ వెళ్ళింది.

తెల్లారేసరికి గూడెమంతా కుండలు, ముంతలు పట్టుకుని వచ్చింది. ఒక మామ చెట్టెక్కే మోకు కూడా తెచ్చి, "ఇది నీకు పొడుగైతదేమో చూడు," అన్నాడు. అప్పుడు వెలిగింది. చెట్టు గీయడమంటే కల్లు తీయడం. నాకు తెలియని మాటేం కాదు, రంగుల మత్తులో తట్టలేదంతే. (మా ఇంట్లో కల్లు ఊసెత్తితే అమ్మ ప్రార్థన గంట పొడవయ్యేది.) నిజం చెప్పేలోగా సారు బండి దిగనే దిగారు.

"ఏందమ్మా, గీ కుండలేంది?"

అవ్వ నా చేతిలోని కాగితాలు చూసింది, నా మొహం చూసింది. "బొమ్మలేసేటందుకు సారూ. ఎవరి కుండ వాళ్ళను తెచ్చుకోమన్నది టీచరమ్మ," అని తన కుండ ముందు పెట్టుకుని కూర్చుంది. ఒక్కరూ నవ్వలేదు. మామ మోకును చుట్టి కుండల పక్కన పెట్టాడు. ఆ మెత్తటి ఎండలో అందరూ ఎవరి కుండను వాళ్ళు గీస్తుంటే, సారు కూడా ఒక కాగితం అడిగి తీసుకున్నారు.

నేను పాసయ్యాను. సారు బండి మలుపు తిరిగాక గూడెం పగలబడి నవ్వింది, నేను వెక్కివెక్కి ఏడ్చాను. అవ్వ నా తల నిమిరింది. "ఏడ్వకు బిడ్డా. నీకు చెట్టెక్కుడు రాదని మాకు నిన్ననే ఎరుక. ఒక్కదానివే కూసుంటవని వచ్చినం."

ఇప్పుడు పట్నం బడిలో చెట్టు గీయమంటే పిల్లలు బుద్ధిగా చెట్టే గీస్తారు. కిటికీలోంచి చూస్తూ నాలో నేనే నవ్వుకుంటాను. ఆ గూడెంవాళ్ళకు నేర్పడానికే వెళ్ళాననుకుంది, ఆనాటి పిచ్చిపిల్ల.